రాజుగారి ద్వీపంలో ఒక పగలు

ఇటలీకి చెందిన సార్దీనియా దీవి ఈశాన్య తీరాన, ఒల్బియా అఖాతం మొదట్లో, సముద్రంలోంచి గోడలా లేచిన ఒక సున్నపురాతి కొండ ఉంది. దాని పొడవు సుమారు 5 కిలోమీటర్లు, వెడల్పు 1 కిలోమీటరు, శిఖరం ఎత్తు 565 మీటర్లు. పేరు తవోలారా. ప్రభుత్వ పటాల్లో అది ఒల్బియా పురపాలికలో భాగమైన ఒక చిన్న దీవి మాత్రమే. అయితే రెండు వందల ఏళ్ళకు పైగా ఆ దీవిని అంటిపెట్టుకుని ఉన్న బెర్తోలియోని కుటుంబం లెక్కలో అది ఒక రాజ్యం, తామే దానికి రాజులు. గత సెప్టెంబరులో నేనూ, మా పెదనాన్నగారి కూతురు అక్కా చెరొక సంచి వీపున వేసుకుని తిరుపతి నుంచి బయలుదేరి ఆ రాజ్యాన్ని చూసి వచ్చాం. మన ప్రాంతం నుంచి వెళ్ళాలనుకునేవారు ముందే తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి కనుక ఈ సమీక్ష రాస్తున్నాను.

తమకు తామే దేశాలుగా ప్రకటించుకున్న చిన్న చిన్న చోట్ల గురించి చదవడం నాకు చాలాకాలంగా ఇష్టం. వాటిలో అందరికీ తెలిసినది ఇంగ్లండు తూర్పు తీరానికి ఎదురుగా, రెండవ ప్రపంచ యుద్ధకాలపు సముద్ర కోట మీద 1967లో రాయ్ బేట్స్ ప్రకటించిన సీలాండ్. డబ్బు చెల్లిస్తే ప్రభువు అనో ప్రభ్వి అనో బిరుదు పత్రం ఇంటికి పంపుతారు గానీ, మామూలు యాత్రికుడు టికెట్ కొని అక్కడ కాలు పెట్టే వీలు లేదు. తవోలారాకు ఎవరైనా వెళ్ళవచ్చు. వెళ్ళి, కూర్చుని, భోజనం చేసి, ఆ రాజుల సమాధుల ముందు కాసేపు నిలబడి రావచ్చు. నేను దీన్ని ఎంచుకోవడానికి మొదటి కారణం ఇదే. రెండవ కారణం మా అమ్మగారి పుట్టిల్లు ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఒకప్పటి సంస్థానమైన కార్వేటినగరం కావడం. చిన్నప్పుడు స్కంద పుష్కరిణి మెట్ల మీద కూర్చుని సంస్థానం కథలు విన్నవాళ్ళకు చిన్న రాజ్యాలంటే ఒక రకమైన మమకారం ఉంటుంది. కార్వేటినగరం, పుంగనూరు, బంగారుపాళెం అనుకుంటూ పాళెగాళ్ళ, జమీందార్ల పేర్లు వింటూ పెరిగిన జిల్లా మనది. కొండ మీద ఒక కుటుంబం ‘ఇది మా రాజ్యం’ అంటే నవ్వి ఊరుకోవడం మనకు చేతకాదు. ఎట్లా వచ్చింది, ఎవరిచ్చారు, ఎప్పుడు పోయింది అని అడుగుతాం.

ప్రయాణం సంగతి క్లుప్తంగా చెబుతాను. తవోలారాకు వేరే వీసా లేదు, పాస్‌పోర్టు మీద ఎవరూ ముద్ర వేయరు. కావలసినది ఇటలీకి తీసుకునే షెంజెన్ వీసా. దానికి పెద్దలకు 90 యూరోల రుసుము, కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా తప్పనిసరి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు దరఖాస్తు చేసుకోవచ్చు గానీ, చివరి రోజుల వరకు ఆగడం మంచిది కాదు. చెన్నై నుంచి రోముకు విమానంలో, అక్కడి నుంచి రైలులో చివితావెక్కియా రేవుకు, ఆ రేవు నుంచి రాత్రి ఓడలో ఒల్బియాకు చేరాం. రోము నుంచి విమానంలో నేరుగా ఒల్బియాకే వెళ్ళే మార్గం కూడా ఉంది. అయినా ఓడనే ఎంచుకోండి. రాత్రి ఓడలో కుర్చీ టికెట్ తీసుకుంటే ఒక రాత్రి బస ఖర్చు మిగులుతుంది. అంతకంటే ముఖ్యమైనది, తెల్లవారుజామున పై అంతస్తుకు వెళ్ళి నిలబడితే, ఓడ అఖాతంలోకి తిరిగే ముందు ఎడమవైపు తవోలారా మొత్తం ఒకేసారి కనిపిస్తుంది.

ఆ దృశ్యం గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి. చీకటి పూర్తిగా విడవని వేళ ఆ కొండ నీలంగా ఉంది. సూర్యుడు పైకి వచ్చేకొద్దీ అంచు నుంచి కిందికి తెల్లబడుతూ వచ్చింది. తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్ళకు ఇంటి మిద్దె ఎక్కి ఉత్తరం వైపు చూస్తే నిలువుగా కోసినట్లున్న కొండ కొమ్ము కనిపించడం రోజూ ఉండే అనుభవం. అక్క కాసేపు మాట్లాడకుండా చూసి, “ఒరే, మన అవ్వాచారి కోన కాడ కొండ మాదిరే ఉండాది గదరా” అంది. ఆ మాటలో పోలికను మించిన నిజం ఉందని దీవి మీద దిగాక అర్థమైంది. తిరుమల ఘాట్ రోడ్డులో భూగర్భ శాస్త్రవేత్తలు గుర్తించి జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించిన చోటు ఒకటి ఉంది. కింద అతి పురాతనమైన గ్రానైటు, దాని మీద కోట్లాది సంవత్సరాల అంతరం తర్వాత పేరుకున్న నగరి క్వార్ట్‌జైటు పొరలు, రెండింటి మధ్య గీత గీసినట్లు ఒక సరిహద్దు. తవోలారాలో కూడా అడుగున గులాబి రంగు గ్రానైటు, దాని మీద ఎంతో కాలం తర్వాత జురాసిక్ యుగం నాటి సముద్రంలో పేరుకున్న సున్నపురాయి. రాళ్ళ వయసులు వేరు, రంగులు వేరు. మనది ఎర్రటి కొండ, వాళ్ళది తెల్లటి కొండ. కట్టుబడి మాత్రం ఒకటే. ఒడ్డున గుండ్రటి గ్రానైటు బండ మీద కూర్చుని తల పైకెత్తి సున్నపురాతి గోడను చూసినప్పుడు, ఏడువేల కిలోమీటర్ల దూరంలో ఉన్నట్లు నాకు అనిపించలేదు.

ఒల్బియా నుంచి పోర్తో సాన్ పావోలో అనే చిన్న రేవు ఊరు దక్షిణంగా సుమారు 15 కిలోమీటర్లు, బస్సు ఉంటుంది. అక్కడి నుంచి పడవలో అరగంట లోపే దీవి. వసంతం నుంచి శరదృతువు వరకే ఈ పడవలు సక్రమంగా నడుస్తాయి. జూలై, ఆగస్టు నెలల్లో జనం విపరీతంగా ఉంటారు కాబట్టి జూన్ మొదటి సగం గానీ సెప్టెంబరు గానీ మంచిది. మొదటి పడవకే వెళ్ళాలి. మేము దిగేసరికి ఇసుక తిన్నె మీద పదిమంది కూడా లేరు. పదకొండు దాటాక వచ్చినవాళ్ళకు ఆ నిశ్శబ్దం దొరకలేదు.

ఇప్పుడు అసలు రాజ్యం కథ. జుసెప్పె బెర్తోలియోని అనే వ్యక్తి 19వ శతాబ్దం మొదట్లో, సుమారు 1807లో, ఉత్తరాన ఉన్న లా మద్దలేనా దీవుల వైపు నుంచి వచ్చి మనుషులు లేని ఈ దీవిలో స్థిరపడ్డాడు. ఇక్కడ అడవి మేకలు ఉండేవి. అవి తినే మొక్కల వల్ల వాటి పళ్ళకు బంగారు రంగు పట్టేది. ఈ బంగారు పళ్ళ మేకల మాట విని, సార్దీనియా రాజు కార్లో అల్బెర్తో 1836లో వేటకు వచ్చాడు. ఒడ్డున దిగి ‘నేను సార్దీనియా రాజును’ అని చెప్పుకుంటే, జుసెప్పె కొడుకు పావోలో ఎదురు వెళ్ళి ‘నేను తవోలారా రాజును’ అన్నాడట. అతిథి కోపగించుకోలేదు. కొన్నాళ్ళు ఉండి, వేటాడి, వెళ్ళేటప్పుడు పావోలోను ఆ దీవికి రాజుగా గుర్తించాడని కుటుంబం చెప్పుకునే కథ. ఇంగ్లండు విక్టోరియా రాణి ప్రపంచంలోని రాజకుటుంబాల ఛాయాచిత్రాలు సేకరిస్తున్న రోజుల్లో ఆమె నౌకాదళం ఓడ ఒకటి ఇక్కడికి వచ్చి ఈ కుటుంబాన్ని కూడా ఫోటో తీసుకుని వెళ్ళిందని మరో కథ. ఆ ఫోటో ప్రతి కుటుంబం నడిపే భోజనశాలలో కనిపిస్తుంది. మీసాల పెద్దాయన, గంభీరంగా చూస్తున్న ఆడవాళ్ళు, సర్దుకుని నిలబడిన పిల్లలు. కిరీటాలు లేవు, జలతారు బట్టలు లేవు. పల్లెలో పెళ్ళికి ముందు తీసుకున్న ఫోటోలా ఉంది. నేను దాని ముందు చాలాసేపు నిలబడ్డాను.

కార్వేటినగరం కథలు విన్న చెవులతో ఈ కథ వింటే ఒక ప్రశ్న పుడుతుంది. మన జమీందారీలకు సన్నదులు ఉండేవి, కాగితాలు ఉండేవి. చివరకు 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో అవి ముగిసిపోయాయి. ఇచ్చినవాళ్ళు ఉన్నారు కాబట్టి తీసుకునేవాళ్ళు కూడా ఉన్నారు. తవోలారాను ఎవరు రద్దు చేయాలి? గుర్తింపు ఇచ్చాడని చెప్పే కార్లో అల్బెర్తో వంశం తర్వాతి కాలంలో ఇటలీ మొత్తానికీ రాజవంశమైంది, 1946 జూన్ 2న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో సింహాసనం పోగొట్టుకుంది. ఆ రాజు వేటకు వచ్చి కలిసిన మేకల కాపరి సంతతి మాత్రం అదే ఒడ్డున ఇప్పటికీ వచ్చినవాళ్ళకు అన్నం పెడుతోంది. చట్టం దృష్టిలో ఇది రాజ్యం కాదని నాకు తెలుసు. 1933 నాటి మాంటెవిడియో ఒప్పందం ఒక దేశానికి స్థిరమైన జనాభా, నిర్ణీతమైన భూభాగం, ప్రభుత్వం, ఇతర దేశాలతో సంబంధాలు నెరపగల శక్తి ఉండాలని చెబుతుంది. శీతాకాలంలో వేళ్ళ మీద లెక్కించదగినంత మంది కూడా ఉండని ఈ దీవి ఆ పరీక్షలో నిలబడదు. కానీ ఇక్కడ రాజరికం అన్న మాటను ఒక కుటుంబం తన పెద్దలను తలచుకునే పద్ధతిగా తీసుకోవాలని నాకు గట్టిగా అనిపించింది. ఆ దృష్టితో వెళ్ళినవారికి దీవి తెరుచుకుంటుంది. ముద్ర, జెండా, నాణెం కోసం వెతుక్కుంటూ వెళ్ళినవారికి ఇదొక మామూలు సముద్ర తీరంగా మిగిలిపోతుంది.

ఆ మాట రుజువు కావాలంటే శ్మశానానికి వెళ్ళండి. ఇసుక తిన్నెకు దగ్గర్లోనే, తక్కువ ఎత్తు గోడ చుట్టూ కట్టిన చిన్న చోటు. 1886లో మరణించిన పావోలో సమాధి మీద ఒక కిరీటం ఉంది. చుట్టూ ఆయన కుటుంబం వారివే సమాధులు. పక్కనే పడవల్లో వచ్చినవాళ్ళు ఈతకు వెళుతూ ఉంటారు, లోపలికి వచ్చేవాళ్ళు తక్కువ. అక్క తలకు కొంగు కప్పుకుని, చెప్పులు బయట వదిలి లోపలికి వచ్చింది. అక్కడ ఆ పద్ధతి లేదని నేను చెప్పబోయాను గానీ ఆగిపోయాను. పెద్దవాళ్ళు పడుకున్న చోటికి ఆవిడ ఎట్లా వెళ్ళాలనుకుంటే అట్లాగే వెళ్ళింది, అదే సబబుగా ఉంది. ఈత దుస్తుల్లో మాత్రం ఆ గోడ దాటి వెళ్ళకండి.

భోజనం ‘రె ది తవోలారా’ అని పిలిచే, రాజుగా లోకం ఎరిగిన తొనీనో బెర్తోలియోని పేరు మీద ఉన్న భోజనశాలలో చేశాం. ‘రె’ అంటే రాజు. బల్లలు సముద్రానికి ఎదురుగా నీడలో ఉంటాయి. నేను నత్తగుల్లలతో చేసిన స్పగెట్టి తిన్నాను. వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఆ గుల్లల్లోంచి ఊరిన ఉప్పునీటి రుచి తప్ప మరేమీ లేని వంట. మసాలా లేకుండా ఇంత రుచి వస్తుందని మా ఇంట్లో చెబితే నమ్మరు. వడ్డించినవారు తొందరపెట్టలేదు. ఎక్కడి నుంచి వచ్చారని అడిగితే, దక్షిణ భారతం, ఏడుకొండల ఊరు అని చెప్పాం. కొండల ఊరు అనగానే తమ కొండ వైపు చేయి చూపించి నవ్వారు. పెద్ద నగరంలో పొరుగింటి భోజనశాల కంటే ధర ఎక్కువే. సరుకంతా పడవ మీద రావలసిన చోట అది సహజం. బ్యాక్‌ప్యాకర్ బడ్జెట్‌లో ఒక పూటకు ఇది పెద్ద ఖర్చే అవుతుంది, అయినా ఈ ఒక్క పూట వదులుకోకండి. మిగతా రోజుల్లో రొట్టె, టమాటాలతో సర్దుకోవచ్చు.

శాకాహారుల గురించి వివరంగా రాయాలి, ఎందుకంటే మనవాళ్ళలో చాలామందికి ఇదే మొదటి సందేహం. అక్క గుడ్డు కూడా తినదు. ‘సెన్సా కార్నె, సెన్సా పెషె’ అంటే మాంసం వద్దు, చేప వద్దు అని. ఈ రెండు మాటలు నేర్చుకుంటే చాలావరకు పని జరుగుతుంది. అయితే రెండు చోట్ల జాగ్రత్త పడాలి. సార్దీనియా గొర్రెపాల జున్ను పెకొరీనోను విరగ్గొట్టడానికి గొర్రెపిల్ల లేదా దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు. అందువల్ల అది మన లెక్కలో శాకాహారం కాదు. లోపల జున్ను పెట్టి వేయించి పైన తేనె పోసే సెయాదస్ అనే తీపి వంటకం చూడడానికి మన బొబ్బట్టులా ఉంటుంది గానీ, సంప్రదాయంగా దాని పిండిలో పంది కొవ్వు కలుపుతారు. ఈ రెండూ ముందే తెలియడం వల్ల అక్క ఇబ్బంది పడలేదు. జున్ను చల్లకుండా టమాటా స్పగెట్టి అడిగితే మారుమాట లేకుండా చేసి ఇచ్చారు. ఇంకా పానె కరసావు అనే రొట్టె ఉంది. ముతక గోధుమ పిండితో కాగితమంత పలుచగా చేసి, రెండుసార్లు కాల్చి, మన అప్పడంలా పటపట విరిగేటట్లు చేస్తారు. కొండల్లో నెలల తరబడి తిరిగే గొర్రెల కాపరులు చెడిపోకుండా వెంట తీసుకువెళ్ళేవారట. అక్క దాని మీద ఆలివ్ నూనె, ఉప్పు వేసుకుని, సంచిలోంచి తీసిన ఇంటి నిప్పట్లతో కలిపి తిని, రాత్రి వరకు ఆకలి అనలేదు.

మధ్యాహ్నం స్పల్మతోరె ది తెర్రా వైపు నడిచాం. దీవిలో ఇసుక ఉన్న తక్కువ ఎత్తు భాగం అదే. నీటి రంగు గురించి నేను వర్ణించను. ఫోటోలు చాలా ఉన్నాయి, అవి అబద్ధం చెప్పవు. నీడ దాదాపు లేదు. జూనిపర్ పొదలు, ముళ్ళ మొక్కలు మాత్రమే. ఆ ముళ్ళ మొక్కల్లో సెంటారియా హారిడా అనేది ఉత్తర సార్దీనియాలో కొన్ని చోట్ల తప్ప లోకంలో మరెక్కడా పెరగదు కనుక దారి తప్పి తొక్కకండి. 1997 నుంచి ఈ సముద్రమంతా రక్షిత ప్రాంతం. దీవి తూర్పు భాగం సైనిక అవసరాలకు కేటాయించింది కావడంతో అటు ప్రవేశం లేదు. శిఖరానికి ఎక్కడం శిక్షణ పొందిన మార్గదర్శకుడితో, తాళ్ళతో చేయవలసిన పని. మోకాళ్ళ మెట్టు ఎక్కిన ధైర్యం అక్కడ చాలదు. ఇసుక, గుల్లలు, గులకరాళ్ళు సంచిలో వేసుకోకండి. సార్దీనియాలో 2017 నాటి చట్టం ప్రకారం దీనికి 500 నుంచి 3,000 యూరోల వరకు జరిమానా ఉంది, ఓడరేవులోనూ విమానాశ్రయంలోనూ సంచులు తనిఖీ చేస్తారు. శేషాచలం అడవిలో ఎర్రచందనానికి పట్టిన గతి చూసినవాళ్ళం మనం. ఈ కట్టుబాటు విలువ మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఒక్క విషయంలో నాకు నిజంగా వెలితి మిగిలింది. యెల్కువాన్ షియర్‌వాటర్ అనే సముద్రపక్షులకు ప్రపంచంలోనే అతి పెద్ద గూళ్ళ స్థావరం ఈ దీవి. ఇవి దాదాపు 10,000 జంటలు. గుడ్లను, పిల్లలను ఎలుకలు తినేస్తుండడంతో 2017లో పెద్ద ప్రయత్నం చేసి దీవిని ఎలుకల నుంచి విడిపించారు. ఈ పక్షులు గూళ్ళు పెట్టే నెలల్లో పగలంతా సముద్రం మీద ఉండి, చీకటి పడ్డాకే కొండ చీలికల్లోకి తిరిగి వస్తాయి. యాత్రికుడికి రాత్రి బస లేదు, గుడారం వేయడానికి అనుమతి లేదు. పైగా సెప్టెంబరు నాటికి పిల్లలు ఎగిరిపోయి గూళ్ళు ఖాళీ అవుతాయి. ఆ రాజ్యంలో అసలు ప్రజలైన ఆ పక్షుల గొంతు నేను వినలేదు. 1991 నుంచి ఏటా వేసవిలో ఇసుక తిన్నె మీద తెర కట్టి సినిమాలు చూపే ఉత్సవం జరిగే రాత్రుల్లో మాత్రం పడవలు చీకటి పడ్డాక కూడా నడుస్తాయి. ఈసారి వెళితే ఆ రోజులకే వెళతాను.

ఇబ్బంది పడినది తిరుగు ప్రయాణంలో. మేము వచ్చిన పడవ నడిపే సంస్థవారు చివరి పడవ సమయం మార్చి, మార్చిన సంగతి దీవి మీద ఉన్నవాళ్ళకు చెప్పలేదు. మధ్యాహ్నం తర్వాత వాయువ్యం నుంచి వీచే మాయెస్త్రాలె గాలి లేచింది, అల పెరిగింది. గాలి కారణంగా ఆలస్యమైతే ఎవరినీ తప్పు పట్టలేం. కానీ రెండు గంటలు ఎండలో నిలబడినవారిలో చంటిపిల్లల తల్లులు, ముసలివాళ్ళు ఉన్నారు. ఒక మనిషిని పంపి చెప్పించడం కష్టం కాదు. మా దగ్గర ఉన్న రెండు లీటర్ల నీళ్ళు పక్కనున్న కుటుంబంతో పంచుకున్నాం. దీవిలో దుకాణం లేదు కాబట్టి మనిషికి కనీసం రెండు లీటర్లు ఒడ్డునే నింపుకోవాలి. టోపీ, పలుచటి పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి.

5కి 4 ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ పడవల నిర్వాహకులదే. దీవిలోగానీ, అక్కడి భోజనంలోగానీ, ఆ కుటుంబం తన కథను నిలుపుకున్న తీరులోగానీ నాకు ఏ లోపమూ కనిపించలేదు. తిరుపతి నుంచి ఇంత దూరం దీనికోసమే వెళ్ళమని చెప్పను. రోముకు వెళ్ళే పని ఉన్నవారు మాత్రం మూడు రోజులు కలుపుకుని, ఒక రాత్రి ఓడలో, ఒక రాత్రి పోర్తో సాన్ పావోలోలో, తిరుగు రాత్రి మళ్ళీ ఓడలో గడిపేటట్లు ఏర్పాటు చేసుకోవచ్చు. తవోలారా నుంచి వచ్చిన రోజే రాత్రి ఓడకు టికెట్ తీసుకోకండి, గాలి లేస్తే అందుకోలేరు. పడవ ఎక్కేటప్పుడే చివరి పడవ ఎన్ని గంటలకో, గాలి ఎక్కువైతే ఏం చేస్తారో అడిగి, ఆ సమయాన్ని టికెట్ వెనుక వాళ్ళ చేతే రాయించుకోండి.